మూడో స్తంభం దగ్గరి నీళ్ళు

నది మీద ఆ వంతెన కట్టి ముప్ఫై నాలుగేళ్ళు దాటింది. దాన్ని కట్టించిన పెద్ద ఇంజనీరు పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్ళయినా, వంతెనకు సుస్తీ చేసిందని కబురందగానే చెప్పులు వేసుకుని బయలుదేరారు. మూడో స్తంభం అడుగున ప్రవాహం ఇసుకను తొలిచేసింది. బస్సులూ లారీలూ ఆపేశారు. ఆసుపత్రి వాహనం పద్దెనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్తున్నది. మరొక్క వరదకు ఆ స్తంభం నిలవదని ఆయన అంచనా. మరమ్మతు బాధ్యత తానే తీసుకుని అనుమతికి దరఖాస్తు పెట్టారు.

అయితే అది రక్షిత నది. నీటి నాణ్యత శాఖ అనుమతి లేనిదే అందులో గంపెడు మన్ను కూడా పోయరాదు. ఇంకో మూడు వారాల్లో చేపలు గుడ్లు పెట్టే కాలం మొదలవుతుంది. అప్పటినుంచి నాలుగు నెలలు నదిలో పని నిషిద్ధం. ఆ పైన వరదలు. స్తంభం అడుగును కాంక్రీటుతో పూడ్చే పని పదిహేడు రోజులది. కాబట్టి శుక్రవారం సాయంత్రానికల్లా అనుమతి చేతికి రావాలి.

మంగళవారం ఉదయం అనుమతుల అధికారిణి ఆయనను పిలిపించింది. ముప్ఫై మూడేళ్ళ మనిషి. ఎక్కడికి వెళ్ళినా ఆమె చేతిసంచిలో నాలుగు సీసాలు గలగలమంటూ ఉంటాయి గనుక కాంట్రాక్టర్లు ఆమెకు ‘గాజుసీసా’ అని పేరు పెట్టారు. రెండో అంతస్తులో ఆమె గది. కిటికీ గట్టు మీద చీటీలు అంటించిన సీసాలు బడిపిల్లల్లా బారులు తీరి ఉన్నాయి.

“సార్, మీ దరఖాస్తు నూటపన్నెండు పేజీలూ చదివాను.”

“అన్నీనా?” పెద్ద ఇంజనీరు నమ్మలేకపోయారు. తన సర్వీసు మొత్తం మీద నాలుగో పేజీ దాటిన అధికారిని ఆయన చూడలేదు.

“డెబ్భైమూడో పేజీలో పునాది లోతు ఒకటి, పటంలో ఇంకొకటి. అచ్చుతప్పే అనుకుంటాను.”

“అచ్చుతప్పే.”

“ముప్ఫయ్యో పేజీలోది మాత్రం అచ్చుతప్పు కాదు. పని మొదలవకముందే నీటి కలక ముప్ఫైఒకటి అని రాశారు. మా రికార్డుల్లో అయిదేళ్ళుగా ఈ నెలలో ఏడు దాటలేదండీ.”

కలక అంటే నీళ్ళలో బురద ఎంత కలిసిందో చెప్పే కొలత. ఆ అంకె మీదే కథంతా ఆధారపడి ఉంది. సహజంగా ఉన్న కలక కంటే పది మించి నదిని కలచరాదని నియమం. ముప్ఫైఒకటి నిజమైతే నలభైఒకటి దాకా చెల్లుతుంది. నీళ్ళు రాకుండా స్తంభం చుట్టూ ఆయన తలపెట్టిన మట్టి అడ్డుకట్టకు అది చాలు. ఏడే నిజమైతే ఆ కట్ట కలలో మాట.

“అంటే నేను అంకె పెంచి రాశాననా?” ఆయన దరఖాస్తును తన ముందుకు లాక్కున్నారు.

“అయ్యో, అలా అనలేదు సార్. మీరు నీళ్ళెలా పట్టారో ఒకసారి చూడాలనుంది, అంతే.”

ఆ పూట ఇంట్లో అన్నం సయించలేదు. “నలభై ఏళ్ళు నదులు కొలిచినవాణ్ణి. నాకు పరీక్ష పెడుతుందట!” అన్నారు.

“పెట్టనివ్వండి. పెళ్ళయినప్పటినుంచీ నేను పెడితే ఒక్కదాంట్లోనూ పాసవలేదుగా, ఇదైనా అవుతారేమో,” అన్నది ఆయన భార్య, పళ్ళెంలో ఇంకాస్త కూర వడ్డిస్తూ.

బుధవారం పొద్దున అందరూ ఒడ్డుకు చేరారు. ఆయన దగ్గర పాతికేళ్ళు పనిచేసిన నెరిసిన మీసాల మేస్త్రీ కూడా వచ్చాడు. పెద్ద ఇంజనీరు పొడుగు బూట్లు తొడిగి, తన అలవాటు ప్రకారం స్తంభానికి ఎగువన దిగారు. ప్రవాహం కొట్టే ముఖాన్ని చూడాలంటే వంతెనలవాళ్ళెవరైనా అక్కడే దిగుతారు. చూపు స్తంభం మీది పగులు మీద నిలిపి, చెయ్యి ముందుకు చాచి, సీసా ముంచి తీశారు. నీళ్ళు పలచని టీ రంగులో ఉన్నాయి.

“సార్, కదలకుండా ఒక్కసారి కిందికి చూడండి,” అన్నది ఆమె.

చూశారు. బూట్లు రెండింటి దగ్గరనుంచీ రెండు పసుపుపచ్చని చారలు లేచి, ప్రవాహంతో పాటు సాగి, సరిగ్గా తన చెయ్యి ముంచిన చోటుగుండా స్తంభం వైపు పోతున్నాయి. నలభై ఏళ్ళలో స్తంభం మీదనుంచి కన్ను తిప్పితే కదా నీళ్ళు కనిపించడానికి! ఆయనకు తల కొట్టేసినట్టయింది.

“దరఖాస్తుకు నీళ్ళు పట్టిన రోజు నేనూ, ఇద్దరు కూలీలూ మీకు ఎగువనే నిలబడ్డామండీ,” మేస్త్రీ మీసం గోక్కున్నాడు. “మొత్తం ఎనిమిది కాళ్ళు. మనం నదిని కొలవలేదు అయ్యగారూ, మన బూట్లను కొలిచాం.”

అధికారిణి నవ్వలేదు. తను దిగువనుంచి దిగింది. ప్రవాహానికి ఎదురుగా మెల్లగా నడిచి ఆగింది. కాళ్ళ కింద లేచిన బురద వెనక్కి పోయేదాకా కొంగలా కదలక నిలిచింది. అప్పుడు చెయ్యి బారచాచి, సీసా మూతి ప్రవాహానికి ఎదురుపెట్టి నింపింది. మూడు చోట్ల, మూడేసి సార్లు. ఒడ్డున మీటరులో పెట్టి చూస్తే తొమ్మిదింటిలోనూ కలక ఆరే. ఒకప్పుడు తాను కాంక్రీటు దిమ్మలను ఒక్కొక్కటే దగ్గరుండి పరీక్షించిన రోజులు పెద్ద ఇంజనీరుకు గుర్తొచ్చాయి. పని తెలిసిన చెయ్యి ఎక్కడున్నా ఆయన గుర్తుపడతారు.

ఒడ్డునే కూర్చుని, పాత అంకెను ఉపసంహరించుకుంటున్నట్టు స్వహస్తాలతో రాసి సంతకం చేశారు.

“ఇప్పుడేం చెయ్యమంటారమ్మా?”

“అది నేను చెప్పకూడదు సార్. మీరు రాసింది చదవగలను. ఎంత త్వరగా రాస్తే అంత త్వరగా చదువుతాను.”

అన్న మాట నిలబెట్టుకున్నది. గురువారమంతా ఆయన ఆమె కార్యాలయం వరండాలో బల్ల మీద కూర్చుని పథకం తిరగరాశారు. మట్టికట్ట తీసేసి, స్తంభం చుట్టూ ఉక్కు రేకుల గోడ పెట్టారు. లోపలి మురికినీటిని పంపుతో ఒడ్డు మీది గుంటలోకి తోడి, తేరుకున్నాకే నదిలోకి వదలాలి. ఆమె రెండుసార్లు తిప్పి పంపింది. “పంపు ఆగిపోతే?” అని రెండోసారి అడిగింది. ఆయన వెళ్ళి రెండో పంపు చేర్చుకొచ్చారు. ఆమె నియమాన్ని ఒక్క గీత సడలించలేదు, ఒక్క గంట వృథా చెయ్యలేదు.

శుక్రవారం అయిదింటికి పది నిమిషాల ముందు తొమ్మిది షరతులతో అనుమతి సిద్ధమైంది. ఆయన నిలబడే అన్నీ చదివి, కొట్టివేయవలసిన మాట ఒక్కటీ లేదని ఒప్పుకున్నారు.

“ఇంకొకటి చేర్చండమ్మా. నమూనా పట్టేవాడు దిగువనుంచే దిగాలని.”

“అది మా చేతిపుస్తకంలో ఉందిగా సార్.”

“ఉంది. మా వాళ్ళెవరూ చదవరు. షరతంటే చదువుతారు.”

ఆమె మొదటిసారి నవ్వి, పదో షరతును చేత్తో రాసి పక్కన పొడి సంతకం పెట్టింది.

పని పదహారు రోజుల్లో ముగిసింది. అన్నాళ్ళలోనూ కలక పదకొండు దాటలేదు. పదిహేడో రోజు ఉక్కు రేకులు ఊడదీశారు. చివరి నమూనాకు పెద్ద ఇంజనీరు దిగువనుంచి దిగి, బురద తేరుకునేదాకా ఆగి, సీసా ముంచారు. సరిగ్గా అప్పుడే పైన చక్రాల చప్పుడైంది.

“అయ్యగారూ, ఆసుపత్రి బండి! మన వంతెన మీదుగా పోతోంది, చూడండి!” మేస్త్రీ ఒడ్డుమీద గంతులేసినంత పని చేశాడు.

“ఉండవోయ్,” అన్నారాయన, నీళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండా. “సీసా నిండనీ.”