బొమ్మ కడుపుకి చిల్లు

సైన్సు ల్యాబులో బొమ్మ కడుపుకి చిల్లు పడింది. అదీ తనిఖీకి రెండు రోజుల ముందు.

ఆ బొమ్మకి కాళ్లూ చేతులూ లేవు. ఉన్నదల్లా తల, మొండెం, ఊడదీసి చూపించే పేగులు. మధ్యాహ్నం గంట కొట్టగానే దానికి ఆకలేస్తుంది. పిల్లలు తలో ముద్దా దాని నోట్లో పెట్టి ఆటకి పోతారు. కాలేయం ముక్క ఎప్పుడో పోయింది. పైత్యరసం లేనిదే నూనె అరగదు కనుక "వేపుళ్లు పెట్టరాదు" అని సైన్సు టీచరు దాని మెడలో చీటీ కట్టింది.

టీచరు అన్నం డబ్బా మాత్రం పొద్దున ఎలా వచ్చిందో సాయంత్రం అలాగే ఇంటికి పోయేది. పదకొండేళ్లుగా అదే తంతు. తిందామని కూర్చుంటే చాలు, హెడ్మాస్టరు నుంచి కబురు. కడుపులో మంటపుడితే సుద్దముక్క కొరుక్కునేది.

"మీ చేతిలో బొమ్మ కూడా బతకదా మేడం?" అన్నాడు హెడ్మాస్టరు.

"నేను ముట్టుకోలేదు సార్."

"అయితే ఎలకలు కొరికుంటాయి."

"ఎలకలు బయట్నుంచి కొరుకుతాయి సార్," అంది ఆయా, చీపురు ఆపకుండా. "ఇది లోపల్నుంచి తినేసింది."

టీచరు ఆ కడుపుని ఊడదీసి తిప్పి చూసింది. చిల్లు అంచు కరిగి నున్నగా ఉంది. ఆమ్లం పనే. వేళకి ఊరుతుంది, తిండి లేకపోతే గోడనే తింటుంది. ఏటా పిల్లలకి తను చెప్పే పాఠమే.

కానీ బొమ్మకి ఏనాడూ తిండి తప్పలేదు. తప్పింది ఎవరికి?

నెల రోజులుగా తనకి మంట లేదు. సుద్ద పనిచేసిందనుకుంది. చెయ్యి దానంతటదే డొక్క కిందకి పోయింది. చిల్లు సరిగ్గా అక్కడే.

"ఎవరి కడుపుమంట ఎవరు మోస్తున్నారో!" అంది ఆయా.

మధ్యాహ్నం గంట కొట్టారు.

"ఇది తర్వాత చూద్దాం. లెక్కల మేడం రాలేదు, ఎనిమిదో తరగతి భోజనాల దగ్గరికి వెళ్లండి," అన్నాడు హెడ్మాస్టరు.

"వెళ్లను సార్."

"ఏంటీ?"

"ఆకలేస్తోంది."

చిల్లుకి సైకిలు పంక్చరు ముక్క అతికించి, కడుపుని మళ్లీ బొమ్మలో పెట్టింది. ఇద్దర్నీ బయటికి పంపి, తలుపు గడియ వేసి, బొమ్మ ఎదురుగా కూర్చుని డబ్బా తెరిచింది. ఆ రోజు నుంచి ఆ గంటకి ఆ గడియ పడాల్సిందే.

తనిఖీ రోజున పెద్దాఫీసరు ల్యాబు బయట ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. హెడ్మాస్టరు తలుపు బాదుతూనే ఉన్నాడు. ఆమె చివరి ముద్ద బాగా నమిలి మింగి, చెయ్యి కడుక్కుని, అప్పుడు లేచింది.