గుర్రం ఆగిన చోటు

భర్త ఎలీహియో పోయాక ఎవులాలియా నవల ఒక్క పేజీ కూడా ముందుకు కదల్లేదు. సరిహద్దు ఎడారి, దాన్ని దాటే ఒంటరి రౌతులు, ఆమె రాసేదంతా అదే. నిజానికి గుర్రమెక్కేది ఆయన, కుర్చీ దిగనిది ఆమె. రాసిన ప్రతి అధ్యాయం ఆయనకు చదివి వినిపించేది. "ఈ ఎండలో దౌడు తీయిస్తే గుర్రం చస్తుందే పిచ్చిదానా, వాణ్ణి దిగి నడవమను" అనేవాడు. రౌతు బుద్ధిగా దిగి నడిచేవాడు. పాఠకులు ఆహా అనేవారు. ఇప్పుడామె రాతలో కొండలు క్యాలెండర్ బొమ్మల్లా తయారయ్యాయి. ఈ చివరి అధ్యాయం రాయలేకపోతే ఇక కలం ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

సాయంత్రం మరిది కాస్తులో, అన్న గుర్రానికి జీను కట్టి తెచ్చాడు.

"వదినా, పుస్తకాల నిండా గుర్రాలే కదా. ఎటువైపు నుంచి ఎక్కాలో తెలుసా?"

"వాగింది చాల్లే, కాలు పెడతాను, రికాబు పట్టుకో."

"దారి నువ్వు చూపించబోకు. పగ్గం వదిలెయ్. అన్నయ్య రోజూ పోయే దారి దానికి కంఠతా వచ్చు."

ఆమె పగ్గం వదిలింది. గుర్రం ముళ్లపొదలు తప్పించుకుంటూ, జారుడు రాళ్ల మీద ఆచితూచి అడుగేస్తూ సాగింది. జీను మీంచి చూస్తే కొండలు ఒకచోట నిలబడలేదు, నడకతోపాటు లేస్తూ దిగుతూ ఉన్నాయి. ఎవులాలియాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన తిరిగిన లోయలన్నీ ఇవాళ చూసేస్తాననుకుంది.

గుర్రం ఊరి అవతలి నది దాకా కూడా పోలేదు. ఊరి వెనక దిబ్బ ఎక్కి ఆగింది. తల వాల్చి, వెనక కాలొకటి సడలించి, చాలాసేపు నిలబడాల్సిన గుర్రంలా స్థిమితపడింది. మడమలతో ఎంత పొడిచినా కదల్లేదు.

ఎదురుగా, కింద, ఆమె ఇల్లే. తెరిచిన కిటికీలో రాతబల్ల, కుర్చీ.

రాసేటప్పుడు ఇంట్లో అలికిడి ఉండకూడదని పెళ్లైన కొత్తలో ఆమే గట్టిగా చెప్పింది. "నాకూ బయట పనుందిలే" అని ఆయన వెళ్లిపోయేవాడు. ఎడారంతా చుట్టి వస్తున్నాడనుకుని అసూయపడేది కూడా. ఒంటరి రౌతు మనసు ఎలా ఉంటుందో ఊహించి ఊహించి అన్ని పుస్తకాలు రాసింది. ఆ రౌతేమో ఆమె ఎప్పుడు లేస్తుందా అని ఇక్కడే కూర్చున్నాడు.

ఎవులాలియా గుర్రం మెడ మీద వాలి బావురుమంది. గుర్రం మాత్రం నిలబడే ఉంది. ఆ కుర్చీలోంచి మనిషి లేచాకే ఇల్లు చేరడం దానికి అలవాటు. లేవడానికి ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరూ లేరు.