పడమటి ఒడ్డు గుంజలు

నేను అక్కడినుంచి లేవను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ బోలెడు శ్రమ తప్పుతుంది. మా పడమటి ఒడ్డుకి కెమెరా పట్టుకుని వచ్చే ప్రతివాడికీ ఇదే చెప్తాను. మర్యాదగా అడిగేవాళ్ళున్నారు, చేత్తో సైగ చేసేవాళ్ళున్నారు, కోడిని అదిలించినట్టు హుష్ అన్నవాడు కూడా ఒకడున్నాడు. వాడికి ఆ రోజు నేనిచ్చిన సమాధానం ఇక్కడ చెప్పలేను, ఇంట్లో పిల్లలుంటారు.

అసలు సంగతేమిటంటే, నేను వలలు బాగుచేస్తాను. మాది చిన్న దీవి, చుట్టూ సముద్రమే కదా, ఎక్కడ కూర్చుంటేనేం అని అడుగుతారు తెలియనివాళ్ళు. పొద్దు వాలేటప్పుడు ఎండ ఏటవాలుగా, నీళ్ళమీంచి నేరుగా వచ్చే చోటు ఇదొక్కటే. మిగతా వైపులన్నీ కొండరాళ్ళు, లేకపోతే ఇళ్ళు. గుంజలకి వల కట్టి సూర్యుడికి ఎదురుగా కూర్చున్నామంటే ఒక్కొక్క చిరుగూ ఇదిగో ఇక్కడున్నా అని వెలుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎంత కళ్ళు చించుకున్నా సన్న చిరుగులు దొరకవు. దొరకని చిరుగు సముద్రంలో పెద్దదవుతుంది, పడవ ఉత్తచేతుల్తో తిరిగొస్తుంది, ఆ ఇంటావిడ నేరుగా వచ్చి నా మీద పడుతుంది. కెమెరాల వాళ్ళు ఎగబడేదీ సరిగ్గా ఆ వెలుతురు కోసమే. వాళ్ళకది సరదా, నాకు పని.

ఇన్నాళ్ళూ బయటివాళ్ళతోనే గొడవ. ఈసారి ఇంట్లోనే వచ్చిపడింది. మా అల్లుడు ఫోటోగ్రాఫరు. నాకున్న ఒక్కగానొక్క కూతుర్ని చేసుకుని, మా ముందుగదిలోనే స్టూడియో పెట్టుకున్నాడు. మంచివాడు. మరీ మంచివాడు, చిక్కంతా అక్కడే ఉంది, ఎవరేమడిగినా కాదనలేడు. పడవ దిగే యాత్రికులకి ఫోటోలు తీసుకోవడానికి అందమైన చోట్లు చూపిస్తూ ఒక పుస్తకం వేస్తామని దీవి ఆఫీసు వాళ్ళు ఆ పని ఇతనికి అప్పజెప్పారు. ఇంక చూడాలి మనిషిని. దీపస్తంభం కింద నల్లరాళ్ళ మీద అలలు విరిగే చోటు, కూలిపోయిన పాత రేవు, పోటు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే ఇసుక మేట, తెల్లకొండ గుహ, అన్నీ కాళ్ళరిగేలా తిరిగి తీశాడు. అన్నానికి కూర్చున్నా కంచం పక్కన ఫోటోలే. నిజం చెప్పొద్దూ, బాగున్నాయి. పుట్టి పెరిగిన చోటు ఇంత అందంగా ఉంటుందని నాకే తెలియదు. ఆ మాట పైకంటే నెత్తికెక్కి కూర్చుంటాడని అనలేదు.

చివరికి నా దగ్గరికొచ్చాడు. మూడుకాళ్ళ స్టాండు ఇసుకలో గుచ్చి, గొంతు సవరించుకుని, అత్తయ్యగారూ కాసేపు ఇంటికెళ్ళి టీ తాగి వస్తారా అన్నాడు. ఆ సూర్యుణ్ణి కూడా కాసేపు ఆగమని చెప్పి రండి, అప్పుడు వెళ్తాను అన్నాను. అల్లుడని కూడా చూడలేదు. మొహం గంటు పెట్టుకుని నా వెనకనుంచే ఏవో నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు ఆఫీసరు దీవి జనాన్నంతా బడి హాల్లో కూర్చోబెట్టాడు. గోడకి పెద్ద తెర కట్టి ఫోటోలు ఒక్కొక్కటే వేస్తున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. మా అమ్మాయి నా పక్కన కూర్చుని మురిసిపోతోంది. ఆఖర్న పడమటి ఒడ్డు వచ్చింది. ఎర్రటి నీళ్ళు, మెరిసే ఇసుక. నేను లేను. నా గుంజలు లేవు. వల లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక్కడ సూర్యాస్తమయం చూడ్డానికి వేదిక కడతాం, రెయిలింగు పెడతాం, బెంచీలు వేస్తాం, రేపే నేల చదును చేయిస్తున్నాం అని చెప్పుకుపోతున్నాడు ఆఫీసరు. అక్కడ వలలు కడతారు కదండీ అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆయన కర్రతో తెరమీద తట్టాడు.

"ఖాళీ జాగా అండీ. ఫోటోలోనే కనిపిస్తోంది కదా."

నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తోంది. ఇసుకమీద, మన వైపుకి, పొడుగ్గా పడ్డ నీడలు. అటొక గుంజ, ఇటొక గుంజ, మధ్యలో వంగి కూర్చున్న మనిషి. లేచి నిలబడి, ఆ నీడ ఎవరిదండీ అని అడిగాను. ఏదో రాయిది అయ్యుంటుందమ్మా అన్నాడు. రాయి చేతిలో సూదెందుకుందండీ అన్నాను. హాలంతా గొల్లుమంది. నవ్వనిది ఒక్క మా అల్లుడే. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఆఫీసరు అతనివైపు తిరిగి, మీరు తీసిందే కదా, ఉన్నది ఉన్నట్టే ఉందిగా అన్నాడు. మా అల్లుడు అవునన్లేదు, కాదన్లేదు. ఆయనకి అదే చాలు, సభ ముగించేశాడు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి మొగుణ్ణి ఉతికి ఆరేసింది. నేను అడ్డం వెళ్ళలేదు. చివరికి అతను చెప్పిందేమిటంటే, మనుషులూ సామాన్లూ లేకుండా కావాలని ఆఫీసులో అడిగారట, కంప్యూటరులో చెరిపేశాడట. అందం కోసమే అనుకున్నాడట గానీ, ఆ ఫోటో చేతే ఖాళీ జాగా అని సాక్ష్యం చెప్పిస్తారని కలలో కూడా అనుకోలేదట.

మరి నీడలెందుకు వదిలేశారు అని అడిగాను.

"అవి చాలా బాగా పడ్డాయత్తయ్యగారూ. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు" అన్నాడు తల దించుకుని.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మనిషిని చెరపడానికి చెయ్యొచ్చింది, నీడని చెరపడానికి రాలేదు! ఇప్పుడు నిజం చెప్తే ఈ పని పోతుంది, ఇంకే ఆఫీసూ తనని గుమ్మం ఎక్కనివ్వదు అన్నాడు. చెప్పమని నేనడగలేదు. అల్లుడి కాళ్ళావేళ్ళా పడి నిలబెట్టుకునే చోటు నాకక్కర్లేదు. రేపు కూడా నేనక్కడే కూర్చుంటాను, మీరేం చేస్తారో మీ ఇష్టం అనేసి లేచాను. కానీ ఆ పూట భయం వేసింది. ఆ చోటు పోతే పడవలవాళ్ళు వలల్ని సముద్రం దాటించి అవతలి ఒడ్డుకి పంపించుకుంటారు. నేను ముందుగదిలో కూర్చుని, ఫోటోలకొచ్చేవాళ్ళకి దువ్వెన అందిస్తూ బతకాలి. తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దు వాలకముందే గునపాలతో కూలీలు దిగారు. వాళ్ళ వెనక ఆఫీసరు, ఆయన వెనక కెమెరా తగిలించుకుని మా అల్లుడు. అచ్చులోకి ఇంకో ఫోటో కావాలట, ఈసారి నీడలు లేకుండా. నేనప్పటికే పెద్ద వల కట్టేసి పనిలో ఉన్నాను. గునపం ఎత్తిన కూలీ వలని చూసి ఆగిపోయాడు. అది వాళ్ళన్న పడవదే. వాళ్ళని పని చేసుకోనివ్వమ్మా అన్నాడు ఆఫీసరు. నా పని అయ్యాక చేసుకుంటారు అన్నాను. ఎప్పుడవుతుంది అన్నాడు. దీవిలో పడవలు మానేసిన రోజున అన్నాను. ఇళ్ళ వెనక మంచి షెడ్డు కట్టిస్తాం, లైట్లు కూడా పెట్టిస్తాం అని బుజ్జగించబోయాడు. ఆ లైట్లేవో మీ బెంచీలకి పెట్టుకోండి అన్నాను. నా దగ్గర ఆ పప్పులుడకవని అప్పటికి అర్థమైంది. మా అల్లుడివైపు తిరిగాడు.

"మీ అత్తగారే కదా, లేపండి. లేవకపోతే మొన్నట్లాగే చేసెయ్యండి."

మా అల్లుడు స్టాండు దింపాడు. దింపాడంటే అయిపోయిందనుకున్నాను. కెమెరా బిగించి, అందులోంచి చాలాసేపు చూశాడు. తర్వాత తల బయటికి పెట్టి, నాతో అన్నాడు.

"అత్తయ్యగారూ, ఇటు చూడకండి. మీ పని మీరు చేసుకోండి."

తీశాడు. నన్నూ గుంజల్నీ వలనీ తీశాడు. కూలీల్నీ, వాళ్ళ గునపాల్నీ, చెయ్యి అడ్డం పెట్టబోతున్న ఆఫీసరునీ కలిపి తీశాడు. అప్పుడు ఒడ్డుమీద ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు.

"ఆ ఫోటోలో మా అత్తగారిని నేనే చెరిపేశాను సార్. అది ఖాళీ జాగా కాదు. వేసుకుంటే ఇది వేసుకోండి, లేదంటే నా ఫోటోలన్నీ నాకిచ్చెయ్యండి."

నా కళ్ళు నిండిపోయాయి. కళ్ళు నిండితే చిరుగులు కనపడవు, అందుకని గబగబా కోపం తెచ్చుకున్నాను. కూలీలు గునపాలు కింద పడేసి ఇసుకలో చతికిలబడ్డారు. పైవాళ్ళతో మాట్లాడతాను, ఇది ఇంతటితో అయిపోలేదు అన్నాడు ఆఫీసరు. అవలేదని నాకూ తెలుసు. రేపొస్తారు, ఎల్లుండొస్తారు. రానివ్వండి, నేనెక్కడికి పోతాను గనక.

ఆయన విసవిసా నడుచుకుంటూ నీళ్ళవైపు వెళ్ళి, సరిగ్గా సూర్యుడికీ నా వలకీ మధ్య నిలబడి ఫోనులో మొదలుపెట్టాడు. నా చేతిలో ముడి సగంలో ఉంది. పొద్దు నీళ్ళకి దగ్గరపడుతోంది.

"బాబూ, కాస్త పక్కకి జరగండి. వెలుతురు రావడం లేదు" అన్నాను.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే, జరిగాడు.