గంట వెనక్కి తిప్పిన చెయ్యి

రంజాన్ రెండో రోజు మధ్యాహ్నం. మెక్నెస్‌లోని ఆ చిన్న ఆఫీసులో కాఫీ లేదు, సిగరెట్టు లేదు, ఎవరి మొహంలోనూ కళ లేదు. యజమాని సీ మక్కీ పలకరిస్తే కరిచేలా ఉన్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి ఇత్తోకు మాత్రం ఉపవాసం కంటే ఫోనే పెద్ద పరీక్షగా ఉంది. నర్సుల బదిలీ దరఖాస్తుల వెబ్‌సైటును నడిపేది ఆ ఆఫీసే. అది పొద్దుటినుంచి వచ్చినవాళ్ళను వచ్చినట్టే బయటికి గెంటుతోంది. ఎందుకో కనిపెట్టాల్సింది ఇత్తో. మూడింటికి గడువు ముగుస్తుంది, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలంటే ఏడాది ఆగాలి.

యామ్నా అనే నర్సు ఎనిమిదోసారి ఫోను చేసింది. దక్షిణాన ఎడారి అంచున ఒక ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం. రెండేళ్ల కూతురేమో ఇక్కడ, మెక్నెస్‌లో, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది.

"మూడో పేజీకి వచ్చేసరికి సెషన్ ముగిసిందంటోందక్కా. నేను పేజీ మీంచి చూపు కూడా తిప్పలేదు. మొన్న ఫోన్లో నా కూతురు నన్ను 'అత్తా' అని పిలిచింది. ఇంకో ఏడాదైతే అసలు గుర్తే పట్టదు."

ఎలాగైనా చూస్తానని ఇత్తో మాటిచ్చింది.

సర్వర్లు రెండూ ఆపి మళ్ళీ మొదలెట్టమని సీ మక్కీ గది లోంచే కేకేశాడు. ఆయనకు అదొక సర్వరోగనివారిణి. అప్పటికి రెండుసార్లు ఆ వైద్యం అయింది, రోగం మాత్రం చెక్కుచెదరలేదు. ఇత్తో ఊఁ అనేసి, యామ్నా తాలూకు లాగ్ తెరిచింది. ఆమె లాగిన్ అయి రెండు నిమిషాలే అయింది. లాగ్‌లో చూస్తే, అరవై రెండు నిమిషాలుగా ఉలుకూ పలుకూ లేనందున పంపేశామని ఉంది.

ఉపవాసం తలకెక్కిందేమోనని ఇత్తో కళ్ళు నులుముకుని ఇంకో ఇరవై మందివి తీసింది. అందరి లెక్కలోనూ సరిగ్గా ఒక గంట ఎక్కువ. అందరూ రెండో సర్వర్ లోపలికి రానిచ్చినవాళ్ళే, మొదటి సర్వర్ గెంటేసినవాళ్ళే. ఆ రెండూ పని పంచుకుంటాయి, ఎవరు ఎప్పుడు కదిలారో ఒకే చిట్టాలో రాస్తాయి. అరగంట కదలకపోతే సెషన్ ముగించాలన్నది నియమం. రెండోదాని లోపలి గడియారం గంట వెనకబడింది. అది ఇప్పుడే రాసింది మొదటిదానికి గంట పాతదిగా కనబడుతోంది.

గంట అనుకోగానే ఆమె కళ్ళు ఆఫీసు బాగోగులు చూసే పెద్దాయన బుఅజ్జా వైపు తిరిగాయి. రంజాన్ కోసం దేశమంతా గడియారాలు గంట వెనక్కి జరిపారు. ఆఫీసులో ఆ పనికి ఏటా స్టూలు ఎక్కేది ఆయనే. కరెంటు వైర్ల దగ్గర్నుంచి సర్వర్ల గది తాళం దాకా అన్నీ ఆయన చేతిలోనివే. చెప్పకుండానే పనులు చేసిపెట్టే మంచితనం ఆయనది, దాంతోనే వచ్చింది చిక్కంతా.

"బాబాయ్, సర్వర్ల గదిలో గడియారం ఏదైనా ముట్టుకున్నావా?"

"ముట్టుకోక? ఆ రెండో సర్వర్ పొద్దున ఇంకా పాత టైమే చూపించింది. నువ్వు రాకముందే సరిచేసి పెట్టా."

మెప్పు కోసం చూస్తున్న ఆ మొహాన్ని చిన్నబుచ్చడం ఇత్తోకు కష్టంగానే ఉంది. అయినా చెప్పింది. పైకి కనబడే టైము మన దేశానిది, లోపల లెక్క ప్రపంచమంతటికీ ఒకటే, పైది మార్చబోయి లోపలిది తిప్పేశావని. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలాయి. అప్పటికి టైము రెండూ ఇరవై అయింది. ఆ తర్వాత సైటు ఒక్కరిని కూడా గెంటలేదు. ప్రాణం లేచొచ్చి ఇత్తో యామ్నాకు ఫోను చేస్తే, ఎత్తింది వేరొకరు. యామ్నా ఎవరికో కాన్పు చేయిస్తోందట, వచ్చేసరికి మూడు దాటుతుందట.

ఇత్తో బదిలీల అధికారికి ఫోను చేసి సంగతంతా చెప్పింది. ఆయన అంతా విని, ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో పేరుతో సహా రాసి పంపితే అందరికీ గంట పొడిగిస్తానన్నాడు. సాంకేతిక కారణాలని రాసి ఊరుకుందామన్నాడు సీ మక్కీ. అది కుదరదని అధికారి ముందే చెప్పేశాడని ఇత్తో అంది. పేరు రాస్తే అది ఎప్పటికీ ఫైల్లో ఉండిపోతుందని ఆమెకూ తెలుసు. అందుకే చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"రాసెయ్ బిడ్డా," అన్నాడు బుఅజ్జా. "తిప్పిన చెయ్యి నాదేగా. ఆ పసిదానికి అమ్మెవరో తెలియాలి."

ఇత్తో పేరు రాసి పంపింది, గడువు నాలుగింటికి జరిగింది. మూడూ నలభైకి యామ్నా దరఖాస్తు చేరింది. తెర మీద ఆ పేరు చూసి ఇత్తో పైకే నవ్వేసింది. వెంటనే ఫోను మోగింది.

"నాకీ గంట ఎవరిచ్చారక్కా? ఇఫ్తార్ ముందు వాళ్ళ పేరు చెప్పి అల్లాకు దువా చేసుకుంటాను."

ఇత్తో ఫోను బుఅజ్జా చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు నసిగాడు. పొద్దున ఆ గంట పోగొట్టింది కూడా తనేనని ఒప్పుకున్నాడు.

"సరే బాబాయ్, ఒప్పుకున్నారుగా," అంది యామ్నా. "ఇక పేరు చెప్పండి."

బుఅజ్జా చెప్పాడు. దువా దారి తప్పకూడదనేమో, తండ్రి పేరు, ఊరి పేరు కూడా చెప్పాడు.