నలభై ఒక్కేళ్ళ వంటమనిషి

గూఢచారుల మ్యూజియం గుమ్మంలోనే ఒక పెద్దాయన అందరికీ తలో చీటీ ఇచ్చాడు. దాని మీద ఒక దొంగ పేరు, దొంగ వయసు, దొంగ ఉద్యోగం.

"బయటికి వెళ్ళేదాకా మీరు ఈ మనుషులే. ఎవరడిగినా అసలు సంగతి చెప్పకూడదు" అన్నాడాయన.

"అమ్మ అడిగినా?" అంది ఆరేళ్ళ పిచ్చుక.

"అమ్మ అడిగినా సరే."

"విన్నావుగా! చెప్పినట్టు చెయ్యకపోతే గెంటేస్తారు" అని వాళ్ళమ్మ కూడా ఒక మాట తగిలించింది. పిల్ల కాసేపు కుదురుగా ఉంటుందని ఆశ.

గంట తిరిగేసరికి ఆమెకు తల వాచిపోయింది. మొగుడిది గడియారాలు బాగుచేసే పని. కెమెరా దాచిన చేతివాచీ కనబడగానే ఆ అద్దాల పెట్టెకు బల్లిలా అతుక్కుపోయాడు.

"ఏవండీ, పదండి. దానికి ఆకలేస్తోందట."

"ఒక్క నిమిషం. ఇంత చోట్లో అద్దం ఎలా ఇరికించాడో చూడు!"

"మీ ఒక్క నిమిషానికి అరగంటయింది. కొట్లో రోజూ చూసేవి చాలక, టిక్కెట్టు కొని మరీ చూడాలా?"

ఆ మాట అని పక్కకు తిరిగితే పిల్ల లేదు.

ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత గుండె జారింది. అసలే అది దాక్కోవడానికే కట్టినట్టున్న ఇల్లు. అలమారా తీస్తే మరో గది, అద్దం తోస్తే మరో దారి. "పిచ్చుకా! పిచ్చుకా!" అని అరుస్తూ పరిగెడుతుంటే ఒకాయన నవ్వుతూ దగ్గరికొచ్చి, "అది మీ రహస్య సంకేతమాండీ?" అని గుసగుసలాడాడు. ఆయన్ని కొరికేయాలనిపించింది.

చివరికి కింద టిక్కెట్ల కౌంటర్ దగ్గర దొరికింది. ఎత్తు స్టూలు మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ బిస్కట్ తింటోంది.

"ఆగండమ్మా" అని కౌంటర్‌లో ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మీరెవరో తెలీదంటోంది పాప."

"తెలీకపోవడమేంటి! పిచ్చుకా, దిగు."

"మీరెవరండీ? నేను ఓడలో వంటమనిషిని. నాకు నలభై ఒక్కేళ్ళు."

"వీపు విమానం మోత మోగుతుంది!"

"చూశారా, భయపడుతోంది" అంది ఆవిడ.

"భయమా? దానికా? నన్ను చూడండి, ఎవరు వణుకుతున్నారో!"

"పోనీ ఫోన్‌లో ఫొటో ఏదైనా..."

"ఫోన్ ఆయన దగ్గరుంది. ఆయన పైన వాచీ దగ్గరున్నాడు. దీన్ని వదిలి నేను మెట్టెక్కను." ఊపిరి పీల్చుకుని, "ఎడమ మోకాలి మీద కాలిన మచ్చుంటుంది, చూడండి" అంది.

మచ్చ ఉంది. పిచ్చుక గౌను కిందికి లాక్కుంది. "ఓడలో నూనె చిందింది."

ఆవిడ నవ్వాపుకుంది. తల్లికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నే లేచి, ముగ్గురికీ వండి, సర్ది, ఇద్దరినీ లాక్కొచ్చింది తనే. ఇప్పుడు కన్నబిడ్డకు తను అమ్మనని రుజువు చూపించాలట. అక్కడే నేల మీద చతికిలబడింది.

పిచ్చుక నమలడం ఆపింది. కాసేపు వాళ్ళమ్మను చూసి, ఆవిడను వంగమని సైగ చేసి చెవిలో ఏదో ఊదింది.

"ఏమంటోంది?"

"మీరే వాళ్ళమ్మట. కానీ తను చెప్పినట్టు మీకు తెలీకూడదట."

ఆమె లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, పళ్ళు బిగించి, "పదండి వంటమనిషిగారూ" అంది.

గుమ్మం దాటగానే పిచ్చుక ఎగిరి గంతేసింది. "అమ్మా! నన్నెవరూ పట్టుకోలేకపోయారు!"

ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు. మొగుడు వచ్చేదాకా బయట మెట్ల మీద కూర్చుంది.

"చెయ్యి నొప్పెడుతోందమ్మా. కాస్త వదులు."

"నొప్పెట్టనీ" అంది.