ఎర్రబడిందా?

మా ల్యాబులో దాన్ని మొండిఘటం అంటాం. ఫ్రీజర్లో అది ఉన్న గొట్టం మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. అది మా అక్క రక్తంలోంచి తీసిన బాక్టీరియా అని ల్యాబులో నాకూ, ల్యాబు నడిపే పెద్దాయనకూ, ఇంట్లో అమ్మకూ మాత్రమే తెలుసు.

మూడేళ్ల కిందట అక్కకు ఎక్కించిన ప్రతి మందునూ అది తన ఎంజైముతో కత్తిరించి పారేసింది. ఆ కత్తెర నోట్లో ఇరుక్కుని దాన్ని కదలనివ్వని మందు తయారుచేయడమే మా పని. వినడానికి ఎంత సులువో! ఇప్పటికి నూట పదమూడు చేశాం. ఒక్కటీ నిలవలేదు.

పరీక్ష మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. ప్లేటులోని చిన్న గుంటల్లో ఎంజైము పోసి, మా మందు వేసి, పసుపు రంగు ద్రావణం కలుపుతాం. కత్తెర ఆడితే ఎర్రబడుతుంది, ఆగితే పసుపుగానే ఉంటుంది. అమ్మ కూడా ఇంతవరకే నేర్చుకుంది. రోజూ నేను చెప్పులు విప్పకముందే అడుగుతుంది.

"ఎర్రబడిందా?"

"ఎర్రబడింది."

అంతే. రెండు ముద్దలు కెలికి లేచిపోతుంది.

నూట పద్నాలుగోది ఆ రోజు ఎర్రబడలేదు. ఐదు నిమిషాలు, పది, ఇరవై. పసుపే! ఆగలేక వరండాలోకి పరిగెత్తి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, పసుపు!"

అవతల ఏడుపు.

"ఇంక ఎవరి పిల్లా అలా పోదు కదే?"

"పోదమ్మా," అన్నాను. నా నోటికి అంత తొందరేమిటో!

తిరిగి వచ్చేసరికి పెద్దాయన నా ప్లేటు మీదికి వంగి ఉన్నాడు.

"చివరి గుంట చూశావా, అమ్మాయ్?"

చివరి గుంటలో మందు వేయం. అది ఎర్రబడి తీరాలి. అదీ పసుపుగానే ఉంది. అంటే నా మందు దేన్నీ ఆపలేదు, ఎంజైమే ముందుగా చచ్చింది. పొద్దున దాన్ని ఐసులో పెట్టడం మరిచి వేడి పలక పక్కన వదిలేసింది నేనే. పదేళ్ల అనుభవం గంగలో కలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

కొత్త ఎంజైముతో మళ్లీ చేశాను. రెండు నిమిషాల్లో అన్ని గుంటలూ ఎర్రబడ్డాయి. పెద్దాయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంటికి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. మూడేళ్లలో మొదటిసారి అమ్మ అక్కకు ఇష్టమైన కూర వండింది. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంది. చెప్పులు విప్పాను. ఇవాళ ఏమీ అడగలేదు.

"అమ్మా, అదీ..."

నా ముఖంలోకి చూసింది. చేతిలో గరిటె ఆగిపోయింది. కాసేపటికి నాకు కూర వడ్డించి, తనకూ వేసుకుంది.

"రేపు చెబుదువుగానిలే," అంది. "ఈ పూట కడుపునిండా తిననీ."