బ్యాటరీలో అంటే లోపలే

మేనేజర్ దినేష్ సారు టేబుల్ మీద ముందుకు జరిపిన కాగితంలో ఎల్లయ్య పేరు మూడు చోట్ల ఉంది. మూడు చోట్లా ‘యల్లయ్య’ అనే ఉంది. ఏడేండ్ల నుంచి మెడలో వేలాడుతున్న కార్డు మీద పేరు సక్కగానే ఉంది గదా, దాన్ని చూసైనా రాయొచ్చు. కానీ ఎల్లయ్య కోపం పేరు మీద కాదు. అడుగున ఉన్న వాక్యం మీద. ఆ ఒక్కటీ ఇంగ్లీషులో ఉంటే దినేష్ సారే తెలుగు చేసి చెప్పాడు: బ్యాటరీలో కరెంటు ఎటు పోతుందో తెలియక నేను ఒక బ్యాటరీని ఉల్టా బిగించాను, జరిగిన నష్టానికి బాధ్యత నాదే.

దాని కింద సంతకం పెట్టాలి. సాయంత్రం నాలుగింటి లోపల. పెడితే రేపటి నుంచి ఈ బిల్డింగు గేటు దాటనియ్యరు. ఈ కాగితం తోడుగా పోతే మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ బిల్డింగు వాళ్లూ స్పానర్ చేతికియ్యరు. బోరబండలో కూరగాయల బండి పెట్టుకోవాల్సిందే.

ఎల్లయ్య ఆ బిల్డింగులో కరెంటు పని చూస్తాడు. ముఖ్యంగా కింది అంతస్తులో ఉన్న యూపీఎస్ గది ఆయనది. నలభై బ్యాటరీలు, ఒక దాని తోకకు ఇంకో దాని తల కట్టినట్టు, ప్లస్సు మైనస్సుకు, ప్లస్సు మైనస్సుకు, వరసగా బిగించి ఉంటాయి. బయట కరెంటు పోయినా పైన కంప్యూటర్లు ఆరిపోకుండా జనరేటర్ అందుకునేదాకా ఆ నలభై కాపు కాస్తాయి. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన కొత్తలో, పుప్పాలగూడ ఇంకా జొన్న చేన్లుగా ఉన్న రోజుల్లో, స్వామి అనే ఆయన ట్రాక్టర్ బ్యాటరీల షాపులో పని నేర్చుకున్నాడు ఎల్లయ్య. యాసిడ్ చుక్కలకు ప్యాంట్లన్నీ జల్లెడలయ్యాయి. ఐటీఐ సర్టిఫికెట్ ఆ తర్వాత వచ్చింది, ఇంగిత జ్ఞానం మాత్రం ఆ షాపులోనే వచ్చింది.

జరిగింది ఇది. శనివారం నాడు పాతబడ్డ ఆరు బ్యాటరీలను తీసి కొత్తవి పెట్టడానికి బయటి కంపెనీ మనుషులొచ్చారు. కొత్త వాటిలో ఒకటి వేరే రకం వచ్చింది. మిగతా వాటికి ప్లస్సు ఎడమ దిక్కుంటే దానికి కుడి దిక్కున ఉంది. వచ్చిన వాళ్లు గుర్తు చూడలేదు, అలవాటైన చెయ్యి ఎడమకు ఎర్ర తీగ, కుడికి నల్ల తీగ పెట్టుకుంటూ పోయింది. బ్యాటరీల మూతలు పెట్టి, స్క్రూలు బిగించి, ఛాయ్ తాగి వెళ్లిపోయారు. ఎల్లయ్య ఆ పని జరుగుతున్నప్పుడు పై అంతస్తులో కాలిపోయిన లైట్లు మారుస్తున్నాడు. దిగి వచ్చి, బ్యాటరీలను యూపీఎస్‌కు కలిపే బ్రేకర్ వేయకముందు అలవాటుగా మీటర్ పెట్టి చూశాడు. ఒక్కోటి పదమూడు వోల్టుల చొప్పున నలభైకి అయిదు వందల ఇరవై ఉండాలి. నాలుగు వందల తొంభై నాలుగే ఉంది.

దినేష్ సారు ఆ బిల్డింగు మెయింటెనెన్స్ మేనేజర్. ముప్పై ఏండ్లు నిండని ఇంజినీరు. ఎల్లయ్య ఆయనతో, జర ఆగుండ్రి సార్, ఇరవై ఆరు తగ్గింది, ఏదో ఒకటి ఉల్టా పడ్డట్టుంది, పది నిమిషాలిస్తే మూతలు ఇప్పి చూస్తా అన్నాడు. సారు నవ్వాడు. ఒకటి ఉల్టా పడితే పదమూడు కదా తగ్గాల్సింది, ఇరవై ఆరు తగ్గిందంటే రెండు బ్యాటరీలు వీక్‌గా ఉన్నట్టు, చార్జింగ్ ఎక్కితే అవే లేస్తాయి అని లెక్క తేల్చి, తన చేత్తోనే బ్రేకర్ పైకి లేపాడు. అనుకున్న టైము దాటిపోతే పైవాళ్లు తిడతారని ఆయన భయం ఆయనది. ఎల్లయ్య రిజిస్టర్‌లో 494 అని రాసి, కింద గీత గీశాడు.

ఆదివారమంతా చార్జర్ తన పని తాను చేసింది. ముప్పై తొమ్మిది బ్యాటరీలకు తినిపించిన చెయ్యే ఉల్టా ఉన్న ఆ ఒక్కదాని కడుపు పిండింది. సోమవారం పొద్దున అది గుమ్మడికాయలా ఉబ్బి, గది నిండా కుళ్లిన గుడ్ల కంపు లేపి, యూపీఎస్‌ను పడగొట్టింది. పైన నాలుగు అంతస్తుల్లో కంప్యూటర్లు రెండు గంటలు చచ్చి కూర్చున్నాయి. మంగళవారానికి ఈ కాగితం తయారైంది.

“నేను బిగించలేదు సార్. నేను చూసి చెప్పిన,” అన్నాడు ఎల్లయ్య.

దినేష్ సారు ఫైల్‌లోంచి ఇంకో కాగితం తీశాడు. రెండు నెలల కింద సేఫ్టీ ట్రైనింగ్ అని చెప్పి అందరికీ పరీక్ష పెట్టారు. ఇంగ్లీషు ప్రశ్నలను ఎవరో తెలుగులోకి దించారు. మూడో ప్రశ్న: బ్యాటరీలో కరెంటు ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుంది? దాని ఎదురుగా ఎల్లయ్య చేతిరాత: మైనస్ నుంచి ప్లస్‌కు. దాని పక్కన ఎర్ర పెన్నుతో ఇంత లావు సున్నా.

“ఇది నీ రాతే కదా? స్కూల్ పిల్లలకు కూడా తెలుసు, కరెంటు ప్లస్ నుంచి మైనస్‌కు వెళ్తుందని. ఇది తెలియనోడివి నువ్వే బిగించావంటే ఎవరైనా నమ్ముతారు ఎల్లయ్యా. మర్యాదగా సంతకం పెట్టు, మంచిగా పంపిస్తా.”

కోపం ఎల్లయ్య చెవులకెక్కింది. తప్పుడు మాట మోపితే మనిషి తట్టుకుంటాడు. తెలిసిన పనిని పట్టుకుని తెలియదని రాస్తే తట్టుకోడు. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. దినేష్ సారు కొట్టొస్తాడేమోనని గోడకు జరిగాడు. ఎల్లయ్య కొట్టలేదు. రెండు కాగితాలూ, అలమారలోని రిజిస్టరూ పట్టుకుని, పైన లీదియా మేడం గదికి నడిచాడు. వెనకాల సారు పిలుస్తూనే ఉన్నాడు.

లీదియా మేడం ఆ బిల్డింగు అడ్మిన్ అంతటికీ పెద్ద. గుంటూరు వైపు మనిషి, మణికొండలో ఉంటుంది. నాలుగింటికి రిపోర్టు పైకి పంపాల్సింది ఆవిడే. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆయాసపడుతూ వచ్చిన ఇద్దరినీ చూసింది. ముందు దినేష్ సారే మొదలుపెట్టాడు. ఈ మనిషికి బేసిక్స్ రావు, పరీక్ష పేపరే సాక్ష్యం అని సగం ఇంగ్లీషులో దడదడా చెప్పాడు. ఆవిడ పేపర్ అందుకుని సున్నా చూసింది. ఆ చూపుతో ఎల్లయ్యకు ఒళ్లు మండింది.

“మేడం, ఆ ప్రశ్న జర పైకి చదువుండ్రి.”

“బ్యాటరీలో కరెంటు ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుంది.”

“బ్యాటరీలో అంటే యాడ? లోపలా, బయటనా?”

ఆవిడ దినేష్ వైపు చూసింది. దినేష్ సారు, అది మామూలు ప్రశ్న మేడం, సర్క్యూట్ గురించి, వైర్‌లో ఎటు వెళ్తుందని అన్నాడు.

“వైరు గురించి అడిగితే వైరులో అని రాయాలె. నన్ను బ్యాటరీలో అని అడిగిండ్రు, నేను బ్యాటరీలోనే చెప్పిన. మేడం, మా కాడ బోరు మోటరు ఉంటది. చేన్ల నీళ్లు మీది నుంచి పల్లానికి పారుతయి. మరి మోటరు లోపల? లోపల కింది నుంచే మీదికి లేవాలె. లోపల లేవకపోతే బయట పారేది ఏంది? బ్యాటరీ గూడ గంతే. బయట తీగల ప్లస్సు కెల్లి మైనస్సుకు పోతది. అట్ల పోయింది తిరిగి లోపల మైనస్సు కెల్లి ప్లస్సుకు ఎక్కుతది. చుట్టు తిరగాలె కదా.”

లీదియా మేడం దినేష్‌ను, ఇది నిజమేనా అని అడిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. థియరీ ప్రకారం అయితే లోపల అలాగే అండి, కానీ ఎగ్జామ్‌లో ఎవరూ అలా రాయరు అన్నాడు.

“అంటే కరెక్టేనా?”

“టెక్నికల్‌గా...”

“దినేష్, అవునా కాదా?”

“అవునండి.”

అక్కడితో ఆగితే ఎల్లయ్య ఎల్లయ్య కాదు. టేబుల్ మీదున్న ఏసీ రిమోట్ లాక్కున్నాడు, గోడ మీది టీవీ రిమోట్ లాక్కున్నాడు. రెండింటి వీపులూ విప్పి నాలుగు పెన్సిల్ సెల్లులు తీశాడు. రిజిస్టర్‌ను నడుమకు తెరిచి, ఆ పేజీల మడతలో నాలుగింటినీ ఒకదాని వెనక ఒకటి పడుకోబెట్టి, నడుముకు వేలాడే మీటర్ తీసి, రెండు కొసలా దాని పుల్లలు అదిమాడు. మేడంను అంకె చదవమన్నాడు. ఆరు అంది.

“ఇప్పుడు ఒక్కటి తిప్పుతున్న. ఒక్కటే. సార్, మీ లెక్కల ఎంత రావాలె?”

దినేష్ సారు ఫోన్ తీసి చూసుకున్నాడు.

“నాలుగున్నర రావాలి కదా,” అంది మేడం, ఆయన బదులు.

ఎల్లయ్య తిప్పాడు. మీటర్ మూడు చూపించింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, వంగి, మళ్లీ చదివింది. మూడే.

“తిప్పినది తనది ఇయ్యదు, సరే. ఉల్టా తన్నుతది గూడ. పక్కనున్న ఇంకోదాని బలం తింటది. ఒకటి తిరిగితే రెండు పోతయి మేడం. పదమూడు కాదు, ఇరవై ఆరు.” రిజిస్టర్‌లో పేజీలు తిరగేసి శనివారం దగ్గర వేలు పెట్టాడు. గీత గీసిన 494 అక్కడే ఉంది. “గీ మాటే ఆనాడు చెప్పిన. నవ్విండు. బ్రేకర్ ఎవరి చెయ్యి లేపిందో అడుగుండ్రి. ఆ గదికి కెమెరా ఉన్నది.”

ఈసారి సార్ అనలేదని ఎల్లయ్యకే ఆలస్యంగా తెలిసింది. తెలిసినా సర్దుకోలేదు.

లీదియా మేడం ఎల్లయ్య సంతకానికని తయారు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. రిపోర్టు తనే రాస్తానని, కెమెరా చూశాకే పంపుతానని, నాలుగింటికి కాకపోతే ఆరింటికి పంపుతానని చెప్పింది. తర్వాత మెత్తగా, “ఎల్లయ్య గారూ, మీరు వెళ్లి పని చూసుకోండి,” అంది.

ఎల్లయ్య కదల్లేదు. ఇంతకాలానికి తగిలిన ఆ ‘గారు’ కూడా ఆయన్ని చల్లబరచలేదు.

“ఆ సున్నా సంగతి మేడం?”

“ఇక దాంతో ఏం పని ఎల్లయ్యా, అయిపోయింది కదా,” అన్నాడు దినేష్ సారు, నవ్వబోయి.

“నీకు అయిపోయింది. నాకు గాలె. గా సున్నా కడుపుల కెల్లే గీ కాగితం పుట్టింది. రేపు ఇంకోటి పుడతది.”

దినేష్ సారు ముఖం కందిపోయింది. తనను ‘నువ్వు’ అన్నాడని మేడంకు చెప్పబోయాడు. ఆవిడ పెన్ను స్టాండ్‌లోంచి ఎర్ర పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన సున్నాను కొట్టేసి, పక్కన చిన్నగా, కనిపించీ కనిపించనట్టు ఒక మార్కు వేశాడు.

“పక్కన సంతకం,” అన్నాడు ఎల్లయ్య. “తేదీ గూడ.”

దినేష్ సారు సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. ఎల్లయ్య ఆ పేపర్‌ను రిజిస్టర్‌లో పెట్టుకుని, సెల్లులు ఏరి ఒక్కొక్కటే రిమోట్లలో వేయడం మొదలుపెట్టాడు. మూత పెట్టి మీట నొక్కితే ఏసీ కీచుమంది. ఒక్క సెల్లూ ఉల్టా పడలేదు.